'మర్యాద': ఎల్ల నుంచి ఆతిథ్యం దాకా – గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పదచరిత్ర

వ్యాస సంగ్రహం

గోదావరి జిల్లాల ప్రస్తావన రాగానే తెలుగువారికి స్ఫురించే మాట 'మర్యాద'. సంస్కృతంలో ఈ పదానికి మూలార్థం ఎల్ల, హద్దు, కట్ట. తెలుగులో అదే పదం ఎదుటివారిని ఆదరించే తీరుకు, అతిథికి చేసే సత్కారానికి పేరయింది. ఆపడాన్ని సూచించే పదం ఆహ్వానించడాన్ని సూచించే పదంగా మారిన క్రమాన్ని నిరుక్తం, వ్యాకరణం, ధర్మశాస్త్రం, నిఘంటువులు, నేటి వాడుక ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రెండు అర్థాలకు నడుమ 'ఎవరికి దక్కవలసిన వాటా వారికి' అనే మూడవ అర్థం వంతెనగా నిలిచిందని, అందువల్ల పాత ఎల్ల నేటి మర్యాదలోనూ చెరిగిపోలేదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మర్యాద, మేర, ఎల్ల, అభివిధి, గౌరవ బహువచనం, బంతి, గోదావరి డెల్టా

1. ఉపోద్ఘాతం

తెలుగునాట ఒక్కొక్క సీమకు ఒక్కొక్క గుణాన్ని అంటగట్టి చెప్పుకునే అలవాటు ఉంది. ఆ పంపకంలో గోదావరి జిల్లాల వంతుకు వచ్చినది మర్యాద. 'ఆయ్' అని అందుకొని 'అండీ' అని ముగించే మాటతీరు, ఇంటికి వచ్చినవారిని అన్నం తినకుండా పంపని పట్టుదల, సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడి ముందు పరిచే పిండివంటల వరుస ఈ ప్రసిద్ధికి ఆనవాళ్ళు. కథలు, చలనచిత్రాలు ఈ రూపాన్ని డెల్టాను ఎన్నడూ చూడనివారికి సైతం పరిచయం చేశాయి.

నాగరికమైన నడవడిని చెప్పే పదాలు చాలా భాషల్లో నగరం నుంచో సభ నుంచో పుట్టాయి. 'నాగరికత'లో నగరం ఉంది. 'సభ్యత'లో సభ ఉంది. ఇంగ్లీషులోని 'కర్టెసీ' రాజసభను చెప్పే 'కోర్టు' నుంచి వచ్చింది. 'మర్యాద' మాత్రం వీటి కోవలోనిది కాదు. అది సభలో పుట్టలేదు, పొలం గట్టున పుట్టింది. ఇక్కడే పరిశోధకునికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఎల్ల అనేది ఒకచోట ఆగమని చెబుతుంది. ఆతిథ్యం లోపలికి రమ్మని చెబుతుంది. ఒకే పదం ఈ రెండు పనులనూ ఎలా చేయగలిగింది? రెండవ పనికి అలవాటు పడిన తరువాత మొదటిదాన్ని మరచిపోయిందా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఎల్లగా మర్యాద

ఋగ్వేదం పదవ మండలంలోనే ఈ పదం కనిపిస్తుంది. కవులు ఏడు మర్యాదలను ఏర్పరచారని, వాటిలో ఒక్కదానిని దాటినా మనిషి పాపి అవుతాడని అక్కడి భావం. యాస్కుడు ఆ మంత్రాన్ని వివరిస్తూ దొంగతనం, బ్రహ్మహత్య, భ్రూణహత్య, సురాపానం మొదలైన వాటిని ఆ ఏడింటి కింద లెక్కించాడు. అంటే అప్పటికే పదం నేల మీది గీతను దాటి నడవడిలోని గీతను చెప్పగలుగుతున్నది. నిరుక్తంలోనే మరొకచోట యాస్కుడు ఈ పదానికి వ్యుత్పత్తి చెప్పాడు. 'మర్య' అంటే మరణధర్మం కల మనిషి. మనుషులు గ్రహించేది, ఏర్పరచుకొనేది కాబట్టి మర్యాద అయిందని ఆయన వివరణ. దానినే పక్కపక్కన ఉన్న రెండింటిని విడదీసే విభాగంగానూ పేర్కొన్నాడు. ఈ వ్యుత్పత్తిని ఆధునిక భాషాశాస్త్రం యథాతథంగా అంగీకరించినా, లేకున్నా, అందులోని ఒక గ్రహింపు విలువైనది. ఎల్ల ప్రకృతి గీసినది కాదు, మనుషులు ఒప్పుకొని గీసుకున్నది.

ధర్మార్థశాస్త్రాల్లో పదానికి నేలతో సంబంధం స్పష్టంగా నిలిచి ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో సీమావివాదాల వెంటనే 'మర్యాదాస్థాపనం' అనే ప్రకరణం ఉంది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో దండనార్హుల జాబితాలో 'మర్యాదాభేదకుడు' ఉన్నాడు. పొలం హద్దు చెరిపినవాడని చెప్పుకున్నా, కట్టుబాటు చెరిపినవాడని చెప్పుకున్నా ఆ సమాసం రెండు అర్థాలకూ చోటిస్తుంది. రెండింటినీ ఒకే మాటతో చెప్పగలగడం ఈ పదం స్వభావాన్ని తెలుపుతున్నది. అమరసింహుడు క్షత్రియవర్గంలో సంస్థ, ధారణ, స్థితి అనే పదాల సరసన మర్యాదను చేర్చాడు. నానార్థవర్గంలో 'వేలా' శబ్దానికి ఉన్న అర్థాల్లోనూ మర్యాద ఒకటి.

వేల అంటే సముద్రపు చెలియలికట్ట. సముద్రం ఎంత పొంగినా చెలియలికట్ట దాటదన్నది భారతీయ కవిసమయాల్లో బాగా నలిగినది. గంభీరుడైన నాయకుణ్ణి సముద్రంతో పోల్చడంలో ఉన్న రహస్యం ఇదే. దాటగల బలం ఉండి దాటకపోవడం మర్యాద. విశ్వనాథ సత్యనారాయణ దాంపత్యపు కట్టుబాటును దాటిన కథకు 'చెలియలికట్ట' అని పేరు పెట్టినప్పుడు ఈ సంప్రదాయమంతా ఆ శీర్షికలో పలికింది. శ్రీరాముణ్ణి మర్యాదాపురుషోత్తముడనడంలోనూ అతిథిసత్కారం ప్రసక్తి లేదు. హద్దు దాటనివాడన్నదే అక్కడి అర్థం.

3. మేర చెప్పే సాక్ష్యం

హద్దు నుంచి ఆదరణకు పదం ఒక్క అంగలో దూకలేదు. నడుమ ఒక మెట్టు ఉంది. ఆ మెట్టును చూపగల సాక్షి తెలుగులోనే ఉన్న మరొక పదం, 'మేర'.

'పొలిమేర'లో ఉన్న మేరకు అర్థం హద్దు. 'కొంతమేర', 'చేతనైన మేరకు' అన్న వాడుకల్లో అది పరిమాణాన్ని చెబుతుంది. ప్రాకృతంలో 'మేరా' అనే పదం మర్యాద అనే అర్థంలో ఉంది. పన్నెండవ శతాబ్దికి చెందిన హేమచంద్రుడు దానిని నమోదు చేశాడు. తెలుగు మేరకు ఈ ప్రాకృత పదంతో బంధుత్వం ఉందని భావించడం సమంజసం. ఆ విధంగా మర్యాద, మేర ఒకే అర్థక్షేత్రంలో పక్కపక్కన పెరిగిన పదాలు.

మేరకు మరొక అర్థం ఉంది. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు కరణం, కావలివాడు, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి మొదలైన గ్రామసేవకులకు వంశపారంపర్యంగా ముట్టజెప్పే ధాన్యభాగాన్ని కూడా మేర అన్నారు. హెచ్. హెచ్. విల్సన్ 1855లో వెలువరించిన రెవిన్యూ, న్యాయ పదకోశంలో ఈ అర్థం నమోదై ఉంది. హద్దును చెప్పే మాట వాటాను చెప్పడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఎవరి వాటా ఎంతవరకో నిర్ణయించేది హద్దే. ఇంతవరకు నీది అనడం, ఇంత నీకు దక్కాలి అనడం ఒకే వాక్యానికి ఇరువైపులు.

మర్యాద సైతం ఇదే దారిలో నడిచింది. దక్షిణాది శాసనాల్లో 'పూర్వమర్యాద' అనే సమాసం పూర్వం నుంచి నడుస్తున్న పద్ధతి అనే అర్థంలో కనిపిస్తుంది. ఆ పద్ధతి ప్రకారం ఎవరికి ఏది చెల్లాలో అది చెల్లుతుంది. ఆలయాల్లో ఇది ఇంకా స్పష్టం. తీర్థం, శఠారి, పరివట్టం, ప్రసాదం ఎవరికి ముందు, ఎవరికి తరువాత అన్న క్రమాన్ని 'ఆలయ మర్యాదలు' అంటాం. మద్రాసు తిరువల్లిక్కేణిలోని పార్థసారథిస్వామి ఆలయాన్ని అధ్యయనం చేసిన అర్జున్ అప్పాదురై తన 1981 నాటి గ్రంథంలో ఈ గౌరవాలు కేవలం అలంకారాలు కావని, దేవుని సంపదలో భాగస్వామ్యాన్ని బహిరంగంగా ప్రకటించే వాటాలని, అందుకే వాటి మీద అంత పట్టుదలగా వ్యాజ్యాలు నడిచాయని చూపాడు. తమిళంలో ఆ గౌరవాలకు పేరు 'మరియాదై'.

కనుక అర్థపరిణామ క్రమాన్ని ఈ విధంగా సూత్రీకరించవచ్చు: ఎల్ల – కట్టుబాటు – కట్టుబాటు ప్రకారం దక్కవలసిన వాటా – ఆ వాటా ద్వారా వ్యక్తమయ్యే గౌరవం – గౌరవించే నడవడి. కన్నడ 'మర్యాదె', తమిళ 'మరియాదై' కూడా గౌరవార్థానికి చేరినవే. బెంగాలీలో ఈ పదం మనిషి ప్రతిష్ఠను, హోదాను చెబుతుంది. హిందీలో మాత్రం హద్దు, నడవడి నియమం అనే పాత అర్థమే ఈనాటికీ ముందువరుసలో ఉంది. తెలుగు విశేషమల్లా మర్యాదను ఒక పనిగా మార్చుకోవడం.

4. తెలుగు వాడుకలో రెండు పొరలు

ఒక నామం అర్థాన్ని తేల్చడానికి దాని వెంట వచ్చే క్రియలను చూడడం మేలైన పద్ధతి. తెలుగులో మర్యాద వెంట వచ్చే క్రియలు రెండు గుంపులుగా విడిపోతాయి. మర్యాద తప్పడం, మీరడం, అతిక్రమించడం, పాటించడం, నిలుపుకోవడం మొదటి గుంపు. ఇవన్నీ గీతకు సంబంధించిన క్రియలు. మర్యాద చేయడం, ఇవ్వడం, దక్కడం, జరగడం, ఇచ్చిపుచ్చుకోవడం రెండవ గుంపు. ఇవి వాటాకు, పంపకానికి సంబంధించినవి. 'మర్యాదలు' అని బహువచనం చేసినప్పుడు హద్దు పూర్తిగా వెనక్కి తగ్గి లెక్కపెట్టదగిన ఉపచారాలు ముందుకు వస్తాయి. పెళ్ళిలో వియ్యాలవారి మర్యాదలకు లోటు జరిగిందని వచ్చే తగవు నిజానికి వాటా తగవే. కాళ్ళు కడగడానికి నీళ్ళు ఎవరికి ముందు ఇచ్చారు, బంతిలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారు అన్నవి అందులో లెక్కకు వస్తాయి.

సి. పి. బ్రౌన్ నిఘంటువు (1852) ఈ పదానికి ఎల్ల అనే అర్థాన్నీ, గౌరవాదరాల అర్థాన్నీ రెండింటినీ ఇచ్చింది. అంటే పందొమ్మిదవ శతాబ్ది నడుమ నాటికి రెండు పొరలూ కలిసి ఉన్నాయి.

పాత పొర బతికే ఉందనడానికి రెండు నిదర్శనాలు చాలు. ఒకటి మర్యాద రామన్న. చిక్కుతగవులను తీర్చిన న్యాయమూర్తిగా జానపద కథల్లో ఆయన ప్రసిద్ధుడు. ఆయన పేరులోని మర్యాద మన్ననకు సంబంధించినది కాదు. ఎవరిది ఎంతవరకో తేల్చే న్యాయబుద్ధికి సంబంధించినది. రెండవది నిత్యం వినే బెదిరింపు. 'మర్యాదగా బయటికి నడు', 'మర్యాద దక్కదు' అన్న మాటల్లో మృదుత్వమేమీ లేదు. ఎదుటివాడు గీత దగ్గర ఉన్నాడని, దాటితే ఇంతవరకు దక్కుతున్నది ఇకపై దక్కదని ఆ మాటల సారాంశం. సౌజన్యాన్ని చెప్పే క్రియావిశేషణమే హెచ్చరికగా పనిచేయడానికి కారణం అందులో ఎల్ల ఇంకా ఉండడమే.

5. డెల్టా: గట్టు, బంతి, గడప

ఇప్పుడు ఈ పదాన్ని అది పేరు తెచ్చుకున్న నేల మీదికి తీసుకురావచ్చు. గోదావరి డెల్టా ఎల్లల మీద బతికే నేల. ఏటిగట్టు లేనిదే ఊరు నిలవదు. చేనిగట్టు లేనిదే వరిమడిలో నీరు నిలవదు. లంకభూముల్లో వరద ఒకరి నేలను కోసి మరొకరి వైపు మేట వేస్తుంది. ఈ సీమలోనే, రాజమహేంద్రవరం రాజధానిగా పాలించిన తూర్పు చాళుక్యుల దానశాసనాల్లో సంస్కృత రచన నడుమ గ్రామపు ఎల్లలు చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు మాటలు చొరబడతాయి. వంశప్రశస్తికి సంస్కృతం సరిపోయింది కాని, ఏ చెట్టు దగ్గర, ఏ గట్టు దగ్గర హద్దు ఆగుతుందో చెప్పడానికి ఊరివారి మాట కావలసి వచ్చింది. నన్నయభట్టు రచించిన రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనం కోనసీమలోని ఒక గ్రామదానానికి సంబంధించినదే.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసింది. కాలువలు, లాకులు, తూములు, పంటబోదెలు విస్తరించిన తరువాత డెల్టాలో వరిసాగు స్థిరపడింది. గాదె నిండినచోట అతిథికి అన్నం పెట్టడం సులువు. అయితే నీటి పంపకం డెల్టాకు మరొక పాఠం కూడా నేర్పింది. ఎగువ చేను తడిసిన తరువాతే దిగువ చేనుకు నీరు. కాలువ చివరి భూములు ఎప్పుడూ వంతు కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. వంతు, వరుస, వాటా అనే భావాలు ఇక్కడి రైతుకు గ్రంథాల నుంచి రావలసిన పని లేదు.

భోజనపు వరుసకు తెలుగు పేరు 'బంతి'. ఇది సంస్కృత 'పంక్తి'కి వికృతి. బంతిలో కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించడం గోదావరి మర్యాదకు శిఖరమైతే, ఎవరు ఏ బంతిలో కూర్చోవచ్చు, ఎవరు బంతికి అర్హులు కారు అన్నది ఆ మర్యాదకు పునాది. పంక్తి పావనం, పంక్తి బాహ్యం అనే మాటలు ఒకే పదం నుంచి పుట్టాయి.

హద్దు అతిథికి కూడా ఉంది. రాజమహేంద్రవర రెడ్డిరాజుల ఆదరణ పొందిన శ్రీనాథుడు తన కాశీఖండంలో, భీమేశ్వరపురాణంలో చెప్పిన వ్యాసుని కథ ఇందుకు ఉదాహరణ. కాశిలో భిక్ష దొరకని వ్యాసుడు ఆకలి కోపంలో నగరాన్ని శపించబోతాడు. అమ్మవారు గృహిణి రూపంలో పిలిచి అన్నం పెడుతుంది. అన్నం పెట్టిన తరువాతే శివుడు అతణ్ణి కాశి విడిచి పొమ్మంటాడు. ఆ విధంగా వెలివడిన వ్యాసుడు చేరుకున్నది గోదావరీతీరంలోని దాక్షారామం. ఆకలిగొన్న అతిథికి అన్నం పెట్టడం గృహస్థు మర్యాద. అన్నం దొరకనంత మాత్రాన ఊరిని శపించకపోవడం అతిథి మర్యాద. రెండవది తప్పినా మొదటిది ఆగలేదన్నది ఈ కథలోని సూక్ష్మం.

గడప దగ్గర ఆగిపోయిన అతిథి కథను డెల్టా ఆధునిక కాలంలో మళ్ళీ చెప్పుకుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'వడ్లగింజలు' కథకు పెద్దాపుర సంస్థానం నేపథ్యం. చదరంగంలో అసాధారణ ప్రజ్ఞ కలిగిన ఒక పేద బ్రాహ్మణుడికి ఆట గెలవడం కన్నా రాజదర్శనం సంపాదించడమే కష్టమవుతుంది. ప్రజ్ఞ ఉన్నా హోదా లేనివాడికి మర్యాద దక్కే దారి ఎంత ఇరుకో ఆ కథ చెబుతుంది. అగ్రవర్ణానికి చెందిన పేదకే ఇంత అడ్డు ఉంటే, మిగిలినవారి సంగతి ఊహించవచ్చు.

6. గారు, గాడు: వచనం పంచిన గౌరవం

గోదావరి మర్యాద ఎక్కువగా వినిపించేది సంబోధనలో. 'అండి' మూలాన్ని వ్యాకరణం చూపగలదు. ప్రాచీన తెలుగులో విధ్యర్థక బహువచన ప్రత్యయం 'ఉండు', 'అండు' రూపాల్లో ఉంది. అది నేటి 'రండి', 'చెప్పండి' రూపాల్లో 'అండి'గా స్థిరపడింది. తరువాత క్రియ నుంచి విడివడి, ఉత్తమపురుష క్రియకు సైతం ('వచ్చానండి'), క్రియ లేని మాటకు సైతం ('లేదండి', 'ఏమండి') చేరే గౌరవసూచకమయింది. ఒక్కరిని పలుమందిగా పిలవడమే ఇందులోని గౌరవం. 'మీరు', 'తమరు', 'వారు' కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి.

'గారు', 'గాడు' అనే జంట మరింత పరిశీలించదగినది. రూపాన్ని బట్టి చూస్తే 'వారు', 'వాడు' లాగానే ఇవీ బహువచన, ఏకవచన రూపాలు. వ్యాకరణంలో వీటి మధ్య తేడా ఒక్క వచనమే. సంఘంలో ఆ తేడా ఒక ఎల్ల. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్లో ఒకరు సూర్యనారాయణగారు, మరొకరు సూరిగాడు. ప్రత్యయం మారడంతో పాటు పేరు కూడా కుదించుకుపోవడం గమనార్హం. పూర్తి పేరు కూడా ఒక వాటాయే. స్త్రీల విషయంలో 'ఆవిడ', 'ఆమె', 'అది' అనే మెట్లలో చివరిది మనిషిని అమనుష్య వాచకాల సరసన నిలబెడుతుంది.

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ఐరోపా భాషల సర్వనామాలను పరిశీలిస్తూ అధికారం, సాన్నిహిత్యం అనే రెండు సూత్రాలు సంబోధనను నడుపుతాయని ప్రతిపాదించారు. సమానుల నడుమ సంబోధన ఇచ్చిపుచ్చుకొనేదిగా ఉంటుంది. అసమానుల నడుమ ఒకరు గౌరవరూపం ఇచ్చి, సామాన్యరూపం పుచ్చుకుంటారు. డెల్టా కమతాల్లో వయసు మళ్ళిన పాలేరు యజమాని ఇంటి పసివాణ్ణి 'బాబుగారు' అని పిలవడం, ఆ పసివాడు అతణ్ణి 'ఒరేయ్' అనడం ఈ రెండవ కోవకు చెందినది. ఇక్కడ వయసుకు, బంధుత్వానికి ఉండవలసిన మర్యాదను పుట్టుక రద్దు చేసింది. తెలుగు తరగతిలో విద్యార్థుల చేత తమ ఊరిలో 'గారు' ఎవరి పేర్లకు చేరుతుంది, ఎవరి పేర్లకు చేరదు అన్న పట్టికను రాయిస్తే, పొలిమేర కన్నా స్పష్టమైన పటం తయారవుతుంది.

7. ఎల్ల అవతలి సాక్ష్యం

గోదావరి మర్యాదను గురించిన ప్రశంసలో ఎక్కువ భాగం దానిని అందుకున్నవారు రాసినదే. అందనివారి సాక్ష్యం లేకుండా పదచరిత్ర పూర్తి కాదు.

రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న, గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనాన్ని వద్దన్న పాటకు జవాబుగా 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. శీర్షికలోని ఆ ఒక్క విశేషణం మార్పు జాతీయోద్యమానికి ఒక ప్రశ్న వేసింది. 'దొర' అనేది గౌరవవాచకమే. కాని ఒకరిని దొర అనవలసినవారు ఎల్ల అవతల ఎవరో ఉండితీరాలి. కోనసీమలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో దళిత బాలుడు చదువుకొని అధికారి కావడాన్ని ఇతివృత్తంగా తీసుకున్నారు. పాలేరును పిలిచే తీరుకు, అధికారిని పిలిచే తీరుకు మధ్య ఉన్న దూరం ఎరిగిన ప్రేక్షకునికి ఆ ఇతివృత్తం ఎందుకు సంచలనమయిందో వేరే చెప్పనక్కరలేదు.

రాజ్యాంగం పదిహేడవ అధికరణం అస్పృశ్యతను నిషేధించింది. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టం, దానికి 2015లో వచ్చిన సవరణ బహిరంగంగా కులం పేరుతో దూషించడాన్ని నేరం చేశాయి. సంబోధన అంతవరకు ఊరి ఇష్టానికి వదిలిన విషయం. చట్టం దానిని హక్కుల పరిధిలోకి తెచ్చింది. అయినా ఎల్ల తేలికగా చెరగదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లాగా ఏర్పడింది. దాని పేరుకు ముందు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారి ప్రజాప్రతినిధుల ఇళ్ళు తగులబడ్డాయి. ఆ తరువాత ప్రభుత్వం ఆ పేరునే ఖాయం చేసింది. పేరులో ఎవరికి చోటు, ఎవరి పేరు ముందు అన్నది ఆలయ తీర్థంలాగే వాటా ప్రశ్న. మర్యాదకు పేరొందిన సీమలో మర్యాద పంపకం మీదే అంత ఉద్రిక్తత తలెత్తడాన్ని వైరుధ్యమని చాలామంది అన్నారు. పదచరిత్ర తెలిసినవారికి అది వైరుధ్యంగా తోచదు. ఆ పదంలో మొదటి నుంచీ ఉన్నదే అక్కడ బయటపడింది.

8. మర్యాద, అభివిధి

అయితే ఈ పదానికి ఎల్ల దగ్గర ఆగిపోవడం తప్ప వేరే గతి లేదా? పాణినీయ వ్యాకరణం ఒక ఆలోచన అందిస్తుంది. 'ఆ' ఉపసర్గ 'దాకా' అనే అర్థాన్ని ఇచ్చేటప్పుడు రెండు సందర్భాలు ఉంటాయని పాణిని గుర్తించి, వాటికి మర్యాద, అభివిధి అని పేర్లు పెట్టాడు. చెప్పిన ఎల్లను విడిచి అంతకు ముందు వరకు గ్రహిస్తే మర్యాద. ఎల్లను కూడా కలుపుకొని గ్రహిస్తే అభివిధి. తెలుగు 'దాకా'లోనూ ఈ సందిగ్ధత ఉంది. 'ధవళేశ్వరం దాకా వాన కురిసింది' అంటే ధవళేశ్వరం తడిసిందా, లేదా? తడవకపోతే అది మర్యాద. తడిస్తే అభివిధి.

వ్యాకరణ పరిభాషలో మర్యాద అంటే అంచున ఉన్నదానిని వదిలివేసే 'దాకా' అన్నమాట. ఆతిథ్యానికి ఈ భేదాన్ని అన్వయిస్తే మంచి గీటురాయి దొరుకుతుంది. ఒక ఇంటి ఆదరణ ఊరి చివరి మనిషి దాకా వెళ్ళిందని చెప్పుకున్నప్పుడు ఆ చివరి మనిషి అందులో ఉన్నాడా, అతని ముందు వరకే వచ్చి ఆగిందా అని అడగవచ్చు.

అభివిధికి ఉదాహరణ సైతం డెల్టాలోనే ఉంది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ (1841–1909) గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో, కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లిగా కోనసీమ జ్ఞాపకంలో నిలిచారు. ఆమె కథల్లో వంటకాల సంఖ్య వినిపించదు. ఎవరు వచ్చినా అన్న మాటే వినిపిస్తుంది. ఆమె పేరు తరువాతి కాలంలో గన్నవరం అక్విడక్టుకు, 2024లో రాష్ట్రంలోని బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. బడి భోజనం కూడా ఒక బంతే. ఆ బంతిలో పక్కపక్కన కూర్చున్న పిల్లలను ఒకే తీరున పిలవడం, ఒకే తీరున వడ్డించడం జరిగినప్పుడే ఆ పేరు సార్థకం.

9. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మర్యాద శబ్దం ఎల్ల అనే అర్థం నుంచి ఆదరణ అనే అర్థానికి నేరుగా రాలేదు. కట్టుబాటు ప్రకారం దక్కే వాటా అనే మెట్టు మీదుగా వచ్చింది. మేర శబ్దం హద్దును, ధాన్యభాగాన్ని రెండింటినీ చెప్పడం ఈ ప్రతిపాదనకు బలమైన ఆధారం. తెలుగులో మర్యాద వెంట వచ్చే క్రియలు, బెదిరింపులో దాని వాడుక, మర్యాద రామన్న పేరు పాత అర్థం నేటికీ జీవించి ఉందని నిరూపిస్తున్నాయి. సంబోధనలో గౌరవాన్ని మోసేది బహువచనం. ఆ బహువచనాన్ని పంచిపెట్టేది మాత్రం సంఘం గీసిన ఎల్ల.

గోదావరి మర్యాదను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టే గుణం ఏ సీమకైనా గర్వకారణమే. అయితే ఆ గర్వం నిలవాలంటే దాని చరిత్రను పూర్తిగా చదవాలి. యాస్కుడు చెప్పినట్లు మర్యాద మనుషులు ఏర్పరచుకున్నది. ఏర్పరచుకున్నదానిని మార్చుకునే అధికారం కూడా మనుషులదే. డెల్టాలోని వివిధ వర్గాల సంబోధనా రూపాలను, వృత్తిపదాలను, బంతిభోజనాల మౌఖిక చరిత్రను ఊరూరా సేకరిస్తే ఆ మార్పు ఎక్కడ జరిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తేలుతుంది. ఆ సేకరణ పొలిమేరకు ఇవతల ముగిసిపోకుండా అవతలి పేటల దాకా వెళ్ళాలి. ఆ 'దాకా' అభివిధి కావాలి.